జ్వరంలో తీసిన కొలెస్ట్రాల్ రిపోర్టు

ఆమధ్య అక్టోబరు వానల్లో నాకు స్క్రబ్ టైఫస్ వచ్చింది. ఆసుపత్రిలో చేరాను, తగ్గింది, ఇప్పుడు రోజూ బడికి వెళ్తున్నాను. జ్వరం సంగతి ఒక్కటే అయితే రాసేదాన్ని కాదు. ఆ జ్వరంలో ఉండగా తీసిన ఒక రక్తపరీక్ష కాగితాన్ని చూసి నాకు అవసరమైన మాత్ర ఆగిపోయింది, అవసరం లేని మాత్ర ఒకటి చీటీకెక్కింది. మన ఇళ్లల్లో నలభై దాటినవాళ్లలో కొలెస్ట్రాల్, ఇతర కొవ్వుల లెక్క చూసే లిపిడ్ ప్రొఫైల్ అనే రక్తపరీక్ష చేయించుకునేవాళ్లు చాలామందే ఉంటారు. జ్వరాలు అందరికీ వస్తాయి. ఈ రెండూ ఒకేసారి తగిలితే ఏం జరుగుతుందో ఇంకొకరికి తెలియాలని రాస్తున్నాను.

నాది చిత్తూరు జిల్లా. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా నాన్న 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. అందుకే కొలెస్ట్రాల్ విషయంలో నాకు మొదటి నుంచీ భయం ఉంది. కొన్నేళ్ల కిందట మొత్తం కొలెస్ట్రాల్ 236, అందులో చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 160 వచ్చినప్పుడు, మా పట్నంలో నేను చూపించుకునే డాక్టరమ్మ నాన్న సంగతి అడిగి తెలుసుకుని అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర మొదలుపెట్టారు. ఆ మాత్రతో, సాయంత్రం నడకతో లెక్కలు దారికొచ్చాయి. జ్వరానికి ముందు వేసవిలో చేయించుకున్న పరీక్షలో మొత్తం 172, ఎల్‌డీఎల్ 98, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 44, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు 150.

దసరా సెలవుల్లో తోటలో ఉన్నాం. మామిడి చెట్ల కింద గడ్డి మోకాళ్ల దాకా పెరిగిపోయి ఉంటే కూలీలతో పాటు నేనూ దిగి పీకించాను. తర్వాత సుమారు పది రోజులకు జ్వరం మొదలైంది. మామూలు జ్వరంలా లేదు. చలితో వణుకు, కళ్ల వెనక నొప్పి, నడుము విరిగిపోతున్నట్టు ఒళ్లు నొప్పులు. పారాసిటమాల్ వేసుకుంటే రెండు గంటలు దిగి మళ్లీ 103కి ఎక్కేది. మా ఊళ్లో అప్పుడు డెంగీ కేసులున్నాయి, అదే అనుకుని పరీక్ష చేయించారు. డెంగీ లేదన్నారు. ప్లేట్‌లెట్లు మాత్రం 78 వేలకు పడిపోయాయి. నాలుక ఎండిపోయి, మంచినీళ్లు తాగినా వాంతి అవుతుంటే మా ఆయన భయపడి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు.

అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న ఒక చిన్న వయసు డాక్టరమ్మకు నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. రిపోర్టులు చూసి ఊరుకోలేదు. నర్సును పిలిచి, తెర వేయించి, తల నుంచి కాలి దాకా చర్మమంతా లైటు వేసి చూసింది. లంగా బొందు కట్టుకునే చోట, నడుము పక్కన, నల్లటి పక్కు ఒకటి కనిపించింది. సిగరెట్టుతో కాల్చి వదిలినట్టు గుండ్రంగా, చుట్టూ ఎర్రగా. నొప్పి లేదు, దురద లేదు, అందుకే అది ఉందని నాకే తెలియదు. "తోటలో గానీ గడ్డిలో గానీ పనిచేశారా అమ్మా?" అని అడిగింది. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని ఒక రకం పురుగు పిల్ల కుడితే ఈ జ్వరం వస్తుంది. లోపలికి వెళ్లే సూక్ష్మజీవి పేరు ఒరియెన్షియా సుత్సుగముషి. ఎలీసా పరీక్ష ఫలితం వచ్చే దాకా ఆగకుండా ఆ రాత్రే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. పక్కు కనిపించి వెంటనే సరైన మందు పడితే ఇంత త్వరగా లొంగే ఈ జబ్బు, ఆలస్యమైతే ఊపిరితిత్తుల్నీ కిడ్నీల్నీ మెదడునీ పట్టుకుని ప్రాణం తీస్తుంది. వానాకాలం జ్వరంలో చంకలు, గజ్జలు, నడుము, రొమ్ముల కింద, మోకాలి వెనక ఒకసారి చూసుకోండి.

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్లు అనే యాంటీబయాటిక్‌ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనిపెట్టింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. అప్పుడు అక్కడ పరిశోధనకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మందు లోకానికి తెలిసిన 1948లోనే ఆయన కన్నుమూశారు. పిల్లలకు ఏటా ఆయన గురించి చెబుతాను. ఈసారి ఆ మాత్ర మింగుతూ ఆయన్ని తలుచుకున్నాను.

ఇక ఆ కాగితం సంగతి. చేరిన రోజే ఆసుపత్రివాళ్లు ప్యాకేజీ కింద అన్ని పరీక్షలకూ రక్తం తీశారు. అందులో లిపిడ్ ప్రొఫైల్ కూడా ఉంది. జ్వరం తగ్గి మంచం మీద కూర్చోగలిగాక మా ఆడపడుచు ఆ రిపోర్టు చదివింది. మొత్తం కొలెస్ట్రాల్ 108. ఎల్‌డీఎల్ 35. "వదినా, నీ కొలెస్ట్రాల్ చూడు ఎంత తగ్గిపోయిందో! జ్వరం వచ్చి ఒక మంచి పని చేసింది" అంది. ఆమె సంతోషం నిజమైనదే. వారం రోజులుగా మంచి మాట ఒక్కటీ వినని ఇల్లు మాది. కానీ అదే కాగితంలో హెచ్‌డీఎల్ 16 అని, ట్రైగ్లిజరైడ్లు 285 అని ఉంది. అన్నేళ్లలో నా హెచ్‌డీఎల్ 40కి దిగింది లేదు. నోట్లోకి జావ కూడా పోని మనిషికి కొవ్వు దాదాపు రెండింతలు ఎలా పెరిగింది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

లివర్ ఎంజైములు బాగా పెరిగి ఉండటంతో ఆసుపత్రిలో నా కొలెస్ట్రాల్ మాత్ర ఆపేశారు. అప్పటికి అది సరైన పనే. అయితే డిశ్చార్జ్ సమ్మరీలో దాన్ని మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఒక్క ముక్క లేదు. చూపించుకోవడానికి మళ్లీ వెళ్లినప్పుడు ఓపీలో ఉన్న వేరే డాక్టరు రిపోర్టు మీద ఒక చూపు వేసి, "ఎల్‌డీఎల్ 35 ఉందిగా, ఇంక ఆ మాత్ర అవసరం లేదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నాయి, దీనికి రాస్తాను" అని ఫెనోఫైబ్రేట్ రాశారు. నేను జ్వరం సంగతి ఎత్తేలోపే తర్వాతి పేషెంటును పిలిచారు. నాకు ఈ రోజుకీ బాధగా ఉంది. నాన్న చరిత్ర ఉన్న మనిషికి గుండె మాత్ర తీసేయడమంటే చిన్న విషయం కాదు, దానికి రెండు నిమిషాలన్నా కేటాయించాలి.

ఆ చీటీ మందులు కొనకుండా మా పట్నం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె పాత రిపోర్టులు, కొత్తది పక్కపక్కన పెట్టి చూశారు. "టీచర్ గారూ, ఈ కాగితం మీ జ్వరం గురించి చెబుతోంది. మీ గుండె గురించి ఏమీ చెప్పడం లేదు" అన్నారు. తర్వాత ఆమె విడమరిచి చెప్పినవీ, నేను ఇంటికొచ్చి చదువుకున్నవీ కలిపి రాస్తున్నాను.

ఒంట్లో పెద్ద ఇన్‌ఫెక్షన్ పడగానే రోగనిరోధక కణాలు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు, తిండి సయించకపోవడం, ఇవన్నీ చాలావరకు వాటి పనే. అవి లివర్‌కు చేరగానే లివర్ తన రోజువారీ పనులు మార్చుకుంటుంది. సీఆర్‌పీ లాంటి ప్రోటీన్లను విపరీతంగా తయారుచేస్తుంది. కొలెస్ట్రాల్‌ను రక్తంలో మోసుకెళ్లే ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ లాంటి సూక్ష్మ రేణువులను తయారుచేసేదీ, వెనక్కి తీసుకునేదీ కూడా ఆ లివరే కాబట్టి ఆ లెక్కలన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. మనుషుల్లో ఎల్‌డీఎల్ తగ్గుతుంది, హెచ్‌డీఎల్ ఇంకా ఎక్కువగా పడిపోతుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. ఇది స్క్రబ్ టైఫస్‌కే ప్రత్యేకం కాదు. డెంగీ, మలేరియా, న్యుమోనియా, రక్తమంతా విషమయ్యే సెప్సిస్, కోవిడ్, అన్నిటిలోనూ ఏదో ఒక మేరకు కనిపిస్తుంది. ఎక్కువకాలం ఉండే క్షయ, హెచ్ఐవీల్లో కూడా కొలెస్ట్రాల్ తక్కువగా ఉండటం డాక్టర్లకు తెలిసిందే. జబ్బు ఎంత తీవ్రమైతే ఈ మార్పు అంత ఎక్కువ. సెప్సిస్‌లో హెచ్‌డీఎల్ బాగా పడిపోయిన రోగుల పరిస్థితి విషమంగా ఉంటుందని కూడా గమనించారు. మా ఆడపడుచు సంతోషపడిన ఆ 35, ఆ 16 నిజానికి నేను ఎంత జబ్బుగా ఉన్నానో చెప్పే అంకెలు.

తినకపోయినా ట్రైగ్లిజరైడ్లు ఎందుకు పెరిగాయన్న నా ప్రశ్నకు జవాబు కుందేళ్లలో దొరికింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఆంథొనీ సెరామీ, ట్రిపనోసోమా అనే పరాన్నజీవి సోకిన కుందేళ్లను పరిశీలిస్తుండేవారు. ఆ కుందేళ్లు ఎండుకుపోయి ఎముకల గూడులయ్యేవి, రక్తంలో మాత్రం కొవ్వు తెట్టెలు కట్టేంతగా ఉండేది. రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి కణాలకు అందించే ఎంజైము పేరు లైపోప్రోటీన్ లైపేజ్. ఆ ఎంజైమును అణిచేసే పదార్థం ఏదో రోగనిరోధక కణాల నుంచి వస్తోందని వాళ్లు పట్టుకుని దానికి కాకెక్టిన్ అని పేరు పెట్టారు. 1985లో తేలిందేమిటంటే, ఆ కాకెక్టిన్, అంతకుముందే వేరేవాళ్లు కణితుల్ని చంపే పదార్థంగా గుర్తించిన టీఎన్‌ఎఫ్ రెండూ ఒకటే. ఆ పరిశోధనలో ముందున్న బ్రూస్ బాయిట్లర్‌కు తర్వాత 2011లో రోగనిరోధక శక్తి మీద చేసిన వేరే పనికి నోబెల్ వచ్చింది. మనుషుల్లో లైపేజ్ తగ్గడమే కాదు, లివర్ కొవ్వును ఎక్కువగా రక్తంలోకి పంపడం కూడా జరుగుతుంది. జీవశాస్త్రం చెప్పే నాకు ఈ కథ చదివాక ఎంత ఆనందమైందో! జ్వరంతో మంచం మీద పడి ఉన్నప్పుడు నా ఒంట్లోనూ అదే నడిచింది.

హెచ్‌డీఎల్ సంగతి ఇంకా లోతైనది. మామూలు రోజుల్లో ఆ రేణువు ఒంటి మీద ఏపీఓ-ఏ1 అనే ప్రోటీన్ ఉంటుంది. ఇన్‌ఫెక్షన్‌లో లివర్ సీరమ్ అమిలాయిడ్-ఏ అనే ఇంకో ప్రోటీన్‌ను మామూలుకంటే వెయ్యి రెట్ల దాకా పెంచుతుంది. అది వచ్చి హెచ్‌డీఎల్ మీద చేరి పాతదాన్ని పక్కకు తోసేస్తుంది. అంటే అప్పుడు హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటమే కాక, ఉన్నది కూడా మామూలు హెచ్‌డీఎల్‌లా పనిచేయదు. ఇదంతా శరీరం చెడిపోవడం అనుకోనక్కర్లేదు. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ లాంటి ఈ కొవ్వు రేణువులు బ్యాక్టీరియా విషాన్ని అంటించుకుని నిర్వీర్యం చేయగలవని ప్రయోగాల్లో తేలింది. టైఫాయిడ్ క్రిమి, ఈ-కోలి లాంటి వాటి గోడల్లో ఉండే ఎల్‌పీఎస్ అనే విషం సంగతి ఇది. నా ఒంట్లోకి వచ్చిన ఒరియెన్షియాకు ఆ ఎల్‌పీఎస్ అసలు ఉండదు. అయినా నా లెక్కలు అలాగే మారాయి. శత్రువు ఎవరైనా లివర్‌కు అందే పిలుపు దాదాపు ఒకటే.

స్క్రబ్ టైఫస్‌లో ఆ సూక్ష్మజీవి రక్తనాళాల లోపలి పొరనే పట్టుకుంటుంది. నాళాలు కారడం మొదలవుతుంది. నా రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా తగ్గి, పాదాలు వాచాయి. తిండి లేకపోవడం, చేతికి ఎక్కించిన సెలైన్లు, ఇవన్నీ కూడా ఆ అంకెల్ని కిందికి లాగేవే.

డాక్టరమ్మ ఇంకొకటి చూపించారు. ఆ రిపోర్టులో ఎల్‌డీఎల్ పక్కన చిన్న అక్షరాల్లో 'లెక్కగట్టినది' అని ఉంది. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు. 1972లో ఫ్రైడ్‌వాల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ప్రకారం మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేస్తారు. నా 108లోంచి 16, 57 తీసేస్తే 35. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ సూత్రం వాడకూడదు. అంత లేకపోయినా, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, ఎల్‌డీఎల్ బాగా తక్కువగా ఉన్నప్పుడు అది ఉన్నదానికంటే ఇంకా తక్కువ చూపిస్తుంది. జ్వరం వల్ల పెరిగిన ఒక అంకె, జ్వరం వల్ల తగ్గిన ఇంకో అంకెను మరింత కిందికి నెట్టిందన్నమాట.

"మరి గుండెకు ఆ కొన్నాళ్లన్నా మంచిదేగా, డాక్టరమ్మా?" అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపారు. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కెనడాలోని ఒంటారియో వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. ఫ్లూ అని పరీక్షలో తేలిన తర్వాత మొదటి వారంలో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే ఆరు రెట్లు ఉందని అందులో తేలింది. ఇన్‌ఫెక్షన్‌లో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, నాళాల్లో వాపు ఉంటుంది. కొలెస్ట్రాల్ అంకె కాగితం మీద ముద్దుగా కనిపిస్తున్న రోజుల్లోనే గుండె ఎక్కువ ప్రమాదంలో ఉండొచ్చు. ఈ మాట విన్నాక నాకు నాన్న గుర్తొచ్చారు. ఆయనకు గుండెపోటు వచ్చింది గట్టి జ్వరం తగ్గిన కొద్ది రోజులకే. రెండింటికీ సంబంధం ఉందని నేను చెప్పలేను, కానీ ఆ రోజు ఇంటికెళ్లాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఫెనోఫైబ్రేట్ వద్దన్నారు. లివర్ ఎంజైములు మామూలుకు వచ్చేదాకా అటోర్వాస్టాటిన్ కూడా ఆపమన్నారు. కొన్ని వారాల తర్వాత లివర్ పరీక్షకు రక్తం ఇస్తున్నప్పుడు లిపిడ్ కూడా చూద్దామన్నారు. "దీన్ని బట్టి మందు మార్చను. ఎటు కదులుతోందో మీరే చూడండి" అన్నారు. మాత్ర లేకుండా, జ్వరం లేకుండా వచ్చిన అంకెలు ఇవి: మొత్తం 214, ఎల్‌డీఎల్ 142, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 190. తగ్గిపోయిందనుకున్న కొలెస్ట్రాల్ తిరిగి తన చోటికి వచ్చేస్తోంది. హెచ్‌డీఎల్ మాత్రం ఇంకా పూర్తిగా కోలుకోలేదు. లివర్ బాగుండటంతో ఆ రోజే పాత మాత్ర మొదలుపెట్టారు. ఆ కాగితం మా ఆడపడుచుకు చూపించాను. ఆమె చాలాసేపు రెండూ పోల్చి చూసి, "అయితే మా ఆయనకు కూడా టైఫాయిడ్‌లో ఉన్నప్పుడే తీశారు వదినా, అది మళ్లీ చేయించాలి" అంది.

కోలుకోవడం నేననుకున్నంత తేలిక కాలేదు. మెట్లెక్కితే ఆయాసం. బోర్డు మీద రాస్తుంటే చేయి లాగేది. పాఠం మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని, పిల్లలే నీళ్ల సీసా తెచ్చిచ్చేవాళ్లు. తర్వాత జుట్టు గుప్పిళ్లుగా రాలింది. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు అలా రాలి, దానంతట అదే ఆగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే ఇంకో టెన్షన్ పట్టుకునేది. రాగి జావ, పప్పు, గుడ్డు, ఉడికించిన చెనిక్కాయలు కొద్దికొద్దిగా తింటూ బలం తెచ్చుకున్నాను. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మా, ఇవాళ ఎంత దూరం నడిచావు?" అని అడిగేవాడు. మొదట్లో వీధి చివరి దాకా, సంక్రాంతికి తోట దాకా.

సంక్రాంతి అయ్యాక అసలు పరీక్ష చేయించుకున్నాను. మొత్తం 176, ఎల్‌డీఎల్ 102, హెచ్‌డీఎల్ 43, ట్రైగ్లిజరైడ్లు 155. ట్రైగ్లిజరైడ్లకు ఏ మందూ వాడకుండానే 285 నుంచి అక్కడికి వచ్చాయి. అదే మోతాదు కొనసాగించమన్నారు. ఎన్నాళ్లు ఆగాలని అడిగితే, మామూలు జలుబూ జ్వరమైతే తగ్గాక కొన్ని వారాలు, ఆసుపత్రిలో చేరేంత జబ్బు గానీ ఆపరేషన్ గానీ అయితే రెండు మూడు నెలలు ఆగి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకుంటే మంచిదన్నారు. గుండెపోటుతో చేరినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు అంకెలు మారకముందే, మొదటి ఇరవై నాలుగు గంటల్లో తీస్తారట.

నేనిప్పుడు ప్రతి రిపోర్టు మీదా తేదీ పక్కన అప్పుడు ఒంట్లో ఎలా ఉందో పెన్నుతో రాసి పెడుతున్నాను. జ్వరంలో తీసిన కాగితం మీద 'స్క్రబ్ టైఫస్, ఆసుపత్రిలో' అని ఎర్ర ఇంకుతో రాశాను, ఇంకెవరైనా డాక్టరు చూసినా తెలియాలని. మొన్న మా తమ్ముడికి ఆఫీసు తరఫున హెల్త్ చెకప్ ఉంది. వైరల్ ఫీవర్ తగ్గి నాలుగు రోజులు కూడా కాలేదు. "అక్కా, పరగడుపున రమ్మన్నారు, వెళ్లొస్తా" అంటే ఆపాను. ల్యాబుకు ఫోన్ చేసి జ్వరం వచ్చి తగ్గిందని చెబితే వచ్చే నెలకు తేదీ మార్చి ఇచ్చారు.